నేను సరిచేసిన దుప్పటి

ఆ శనివారం నేను చేసిన తప్పు ఇది: ఎవరూ అడక్కుండానే, నాది కాని ఒక దుప్పటి కుట్లన్నీ విప్పి, సవ్యంగా ఉన్నదాన్ని సరిచేశాను. అదే రోజు సాయంత్రం రెండో తప్పు చేశాను. మొదటి తప్పును నా భార్య తన మీద వేసుకుంటుంటే, చేతిలో టీ కప్పుల పళ్ళెం పట్టుకుని ఊరుకున్నాను. మొదటిదాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. రెండోదానికి రాదు.

రెండు వేల సంవత్సరం ఇంకా ఐదారు నెలల దూరంలో ఉంది. మెల్‌బోర్న్‌లో చలికాలం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోట్లన్నీ వెతికి, నాలుగంకెలకు మార్చడం ఆఫీసులో నా పని. లోకం ఆగిపోతుందేమోనని జనం సూపర్‌మార్కెట్ నుంచి బీన్స్ డబ్బాలూ మంచినీళ్ళ సీసాలూ మోసుకెళ్తున్న రోజులవి. ఆ లోకాన్ని ఆగకుండా చూసేవాళ్ళలో నేనూ ఒకణ్ణని నడుముకు పేజర్ తగిలించుకుని తిరిగేవాణ్ణి. కూరగాయల దుకాణంలో బెండకాయలు ఏరుతున్నప్పుడు కూడా అది పక్కవాళ్ళకు కనపడేట్టు చొక్కా పైకి లాక్కునేవాణ్ణి.

నా భార్యకు మాత్రం ఈ దేశంలో ఏడాదిన్నరగా పని దొరకలేదు. ఎక్కడికెళ్ళినా ఇక్కడి అనుభవం ఉందా అని అడిగేవారు. పని ఇస్తే కదా అనుభవం వచ్చేదని మొదట్లో నవ్వేది. తరవాత నవ్వడం మానేసింది. మా అమ్మాయిని బడిలో ప్రెప్ అనే మొదటి క్లాసులో దింపి వచ్చి, మూడు గంటలయ్యేదాకా కిటికీ దగ్గర కూర్చునేది.

మేమున్నది ఎర్ర ఇటుకల యూనిట్లలో. నాలుగిళ్ళకూ కలిపి పెరట్లో ఒకటే దండెం, గొడుగులా గిరగిరా తిరిగేది. ఒకరోజు నా భార్య దాని మీద చీర ఆరేస్తుంటే, వెనక యూనిట్‌లో ఉండే నైజీరియా ఆవిడ వచ్చి అంచు పట్టుకుని తిప్పి చూసిందట. బట్టను ముందువైపు చూసేవాళ్ళు చాలామంది ఉంటారు, వెనకవైపు తిప్పి చూసిందంటే పని తెలిసిన మనిషని మా ఆవిడకు అర్థమైంది. ఆ నైజీరియా ఆవిడ వారంలో ఐదు రోజులు వృద్ధుల ఆశ్రమంలో పనిచేసేది. మిగతా రెండు రోజులు గరాజ్‌లో, రెండు కుట్టుమిషన్ల ముందు ఉండేది. వాళ్ళ దేశంలో మగవాళ్ళు సన్నటి మగ్గాల మీద అరజానెడు వెడల్పున పొడవాటి పట్టీలు నేస్తారు. వాటిని పక్కపక్కన కలిపి కుట్టి పెళ్ళిళ్ళకూ పండగలకూ కట్టుకుంటారు. ఆవిడ అక్కడున్న తన తమ్ముడి చేత అలాంటి పట్టీలే ఇక్కడి ఇళ్ళకు నప్పే రంగుల్లో నేయించి తెప్పించుకునేది. యూకలిప్టస్ ఆకుల బూడిద పచ్చ, ఎండిన మట్టి ఎరుపు, నీలిమందు నీలం. వాటితో కుషన్ కవర్లు, బల్ల మీద పరిచే గుడ్డలు, మంచాల మీదికి దుప్పట్లు కుట్టేది.

దండెం దగ్గర మొదలైన పరిచయం నెల తిరిగేసరికి గరాజ్‌లోకి చేరింది. మా ఆవిడ రెండో మిషన్ ముందు కూర్చుంది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి జుట్టులో దారప్పోగులతో ఎదురయ్యేది. అన్నం వడ్డిస్తూ పట్టీల కబుర్లే చెప్పేది. నేను సగం వినేవాణ్ణి. ఆ వినని సగంలోనే అసలు సంగతి ఉంది.

అసలు సంగతేమిటంటే, కొండల్లో చిన్న అతిథిగృహం నడిపే ఒకావిడ వీళ్ళ కుషన్ ఒకటి సంతలో చూసి, ముచ్చటపడి, ఒక దుప్పటి చేసిమ్మంది. అది నచ్చితే ఆరు గదులకూ వీళ్ళ చేతే కుట్టిస్తానంది. ఆ పని వస్తే వెనకింటావిడ ఆశ్రమంలో రోజులు తగ్గించుకుంటుంది. నా భార్య అప్పుడిక సాయానికి వచ్చే మనిషి కాదు, సగం భాగం తనది. అతిథిగృహం ఆవిడ సోమవారం పదింటికి వస్తానని చెప్పింది. కుట్టు అయిపోయిన దుప్పటికి వెనక లైనింగ్ వేయడం ఒక్కటే మిగిలింది. ఆ పని ఆదివారం ఇంట్లో చేస్తానని మా ఆవిడ శుక్రవారం దాన్ని తెచ్చి చివరి గదిలో మంచం మీద పెట్టింది.

‘‘దాన్ని ముట్టుకోకండి’’ అంది. ‘‘కూర చేతుల్తో అసలే వద్దు.’’

సరేనన్నాను. మా అమ్మాయి నన్ను అనుమానంగా చూసి, ‘‘డాడీ, డోంట్ ఫిక్స్ ఇట్’’ అంది. అంతకు ముందు నెలలో నేను బాగున్న టోస్టర్‌ను బాగుచేసి ఉన్నాను లెండి.

శనివారం పొద్దున్నే తల్లీకూతుళ్ళు తెలిసిన అంకుల్, ఆంటీల కారులో కేరమ్ డౌన్స్ గుడికి బయల్దేరారు. ఆ రోజు వంటశాలలో పులిహోర కలిపే వంతు వాళ్ళది. పేజర్ మోగుతుందేమోనని నేను ఇంట్లో ఉండిపోయాను. అది మోగలేదు. మోగి ఉంటే ఎంత బాగుండేదో.

కాఫీ తాగి, చేతులు సబ్బుతో కడుక్కుని మరీ దుప్పటి విప్పి పరిచాను. మొత్తం ఇరవై పట్టీలు. నీలం నేల మీద జానెడేసి పొడవున ఎరుపు గళ్ళు. చూడగానే కళ్ళు చిట్లించాను. ఒక పట్టీలో గడి ఎక్కడ మొదలైందో పక్క పట్టీలో అక్కడ మొదలు కాలేదు. మూడు వేళ్ళు కిందికి జారింది. దాని పక్కది మళ్ళీ పైకి. ఆ చివరి నుంచి ఈ చివరి వరకూ అన్నీ ఎగుడుదిగుడే.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మెల్‌బోర్న్‌లో ఎవరడిగినా మాది బట్టల వ్యాపారమని చెప్పేవాణ్ణి. నిజానికి మాది చీరాల పక్కన నేతపని చేసే ఇల్లు. మా నాన్న గళ్ళ రుమాళ్ళు నేసేవాడు. వాటిని మద్రాసు వ్యాపారులు కొని ఓడలకెక్కించేవారు. మా వీధిలో దాన్ని ఆఫ్రికా సరుకు అనేవారు. అక్కడ ఎవరు కట్టుకుంటారో, ఎలా కట్టుకుంటారో మాకెవరికీ తెలియదు. మాకు తెలిసిందల్లా షావుకారు మనిషి ఒక్కడే. అతను తానును మడిచి, గడికి గడి ఆనించి చూసేవాడు. గీత ఒక్క పోగు పక్కకు జరిగినా తానును తీసి అవతల పెట్టేవాడు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. గళ్ళు కలవకపోవడమంటే ఏమిటో నా ఒంటికి తెలిసింది అక్కడే.

అందుకని నాకు రెండో ఆలోచన రాలేదు. కొలత తప్పింది మా ఆవిడేననీ, సోమవారం ఆ కొండల ఆవిడ దుప్పటిని మడిచి చూసి అవతల పెడుతుందనీ అనుకున్నాను. మా ఆవిడ పరువు నేను కాపాడాలి. ఆ వారమే ఆఫీసులో ఎవరికీ కనపడని తప్పొకటి పట్టుకున్నందుకు మేనేజర్ అందరి ముందూ భుజం తట్టి ఉన్నాడు. ఆ తట్టిన మత్తు ఇంకా దిగలేదు.

కుట్లు విప్పే చిన్న ముల్లు తీసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఇరవై పట్టీలూ విడివిడిగా నేల మీద ఉన్నాయి. చదువుకునే రోజుల్లో సెలవులకు మా బాబాయి టైలరింగ్ షాపులో మిషన్ తొక్కినవాణ్ణి కనక కుట్టు నాకు కొత్త కాదు. ఇంట్లో ఉన్న పాత మిషన్ మీద గడికి గడి ఆనించి మళ్ళీ కుట్టాను. గళ్ళు కలిశాయి కానీ, పట్టీల కొసలు పైనా కిందా పళ్ళ వరుసలా బయటికి వచ్చాయి. పైన పది, కింద పది. కత్తెర తీసుకుని ఇరవై కొసలూ తిన్నగా కత్తిరించి, ఆ ముక్కలు వంటింటి చెత్తబుట్టలో పారేశాను. వాటి మీద చారు కోసం పిసికిన చింతపండు పిప్పి పడేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయి, పెరుగన్నం తిని, ఎండ పడుతున్న కుర్చీలో కాసేపు నిద్రపోయాను కూడా.

నాలుగింటికి వాళ్ళు పులిహోర డబ్బాతో వచ్చారు. నేను చివరి గది తలుపు తీసి పట్టుకున్నాను, పెళ్ళిలో కొత్త చీర చూపించేవాడిలా.

మా ఆవిడ డబ్బా కింద పెట్టలేదు. అలాగే నిలబడి చూసింది.

‘‘ఏవండీ, ఏం చేశారిది?’’

‘‘గళ్ళు కలవలేదు. నువ్వు చూసుకున్నట్టు లేదు. కలిపాను.’’

‘‘కలవకూడదండీ అవి. ఆవిడ డిజైనే అది. పట్టీ పట్టీకి మూడు వేళ్ళు కొలిచి మరీ దించి కుట్టాం. రెండు వారాలు కూర్చున్నాం దాని మీద.’’

‘‘ఆ మాట ముందే చెప్పొచ్చు కదా.’’

‘‘ముట్టుకోవద్దని చెప్పా. అంతకంటే ఏం చెప్పాలి?’’

‘‘ఐ టోల్డ్ యూ, అమ్మా’’ అంది మా అమ్మాయి, వాళ్ళమ్మ కొంగు పట్టుకుని. ‘‘హీ ఫిక్స్‌డ్ ఇట్.’’

ఏం చేయాలో ఆలోచించుకునే వ్యవధి కూడా దొరకలేదు. తలుపు తట్టిన చప్పుడైంది. వెనకింటావిడ మా అమ్మాయి కోసం మన బోండాల్లాంటివి వేయించి ఒక గిన్నెలో తెచ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. టీ అవసరమని కాదు. పళ్ళెం పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆవిడ మంచం దగ్గర వంగి, కత్తిరించిన కొసల మీద బొటనవేలు రాస్తూ ఉంది.

నా భార్య ఆవిడతో ఇంగ్లీషులో చెప్పిన మాట ఇది: ‘‘నేనే విప్పాను. గీతలు కలిస్తే బాగుంటుందనుకున్నాను. తప్పయిపోయింది.’’

నేను నోరు తెరిచాను. మూశాను. టీ చల్లారిపోతుందన్నాను.

ఆవిడ కోప్పడలేదు. ‘‘సిస్టర్, నేను చూసేది నువ్వూ చూస్తున్నావనుకున్నాను’’ అంది. అతిథిగృహం ఆవిడకు ఏదో ఒకటి తనే చెప్పుకుంటానంది. ఇక మీదట పట్టీలు జోడించే పని తను చూసుకుంటాననీ, లైనింగులు మాత్రం నా భార్య చేస్తే చాలనీ చెప్పి, దుప్పటి తీసుకుని వెళ్ళిపోయింది. బోండాల గిన్నె మా బల్ల మీద ఉండిపోయింది.

పట్టీలు జోడించడమే ఆ పనిలో ప్రాణం. లైనింగ్ ఎవరైనా వేస్తారు. ఆ తేడా మా ఆవిడ ముఖంలో నాకు కనపడింది. పులిహోర డబ్బా కడుగుతుంటే పక్కకు వెళ్ళి, ఎందుకలా చెప్పావని అడిగాను.

‘‘ఆవిడ మీతో నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండదు. మొదటి మాటే ఇది కావటం ఎందుకని’’ అంది. కాసేపు డబ్బా తోమింది. ‘‘నేనలా అంటే మీరు ఆపుతారనుకున్నా.’’

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేవాణ్ణి, అదొక దారి. ఆఫీసులో ఇంకొకడి తప్పు పట్టుకున్నప్పుడు నా గొంతు మీటింగ్ గది అవతలికి కూడా వినపడేది. నా తప్పు నా ఎదురుగా నిలబడితే టీ చల్లారిపోతుందన్నాను.

ఆదివారం తెల్లారగానే వంటింటి చెత్తబుట్ట నేల మీద బోర్లించాను. ఉల్లిపొట్టు, టీపొడి, చింతపండు పిప్పి, వాటి కింద ఇరవై ముక్కలు. లెక్క సరిపోయాక ప్రాణం లేచొచ్చింది. చన్నీళ్ళలో జాడించి హీటర్ ముందు ఆరబెట్టాను. మూడు ముక్కలకు చింతపండు మరక పోలేదు. మా అమ్మాయి పక్కన గొంతుక్కూర్చుని, ఇప్పుడేం ఫిక్స్ చేస్తున్నావని ఇంగ్లీషులో అడిగింది. నన్ను నేనేనని తెలుగులో చెప్పాను. నమ్మకం కుదిరినట్టు లేదు.

ముక్కలన్నీ ఒక సంచిలో వేసుకుని వెనక గరాజ్‌కి వెళ్ళాను. ఆవిడ దుప్పటిని బల్ల మీద పరిచి, దాని వంక చూస్తూ నిలబడి ఉంది. ఆవిడతో మాట్లాడింది ఇంగ్లీషులోనే అయినా నాకు తెలుగులోనే గుర్తుండిపోయింది.

‘‘నిన్న నా భార్య మీతో అబద్ధం చెప్పింది. విప్పింది నేను, కోసింది నేను. తను వద్దని చెప్పి గుడికి వెళ్ళింది. తను వచ్చాక నేను పక్కనే ఉండి కూడా నోరు విప్పలేదు.’’

ఆవిడ సంచిలోకి తొంగి చూసింది. ‘‘ఎందుకు చేశావు?’’ అని అడిగింది.

రుమాళ్ళ సంగతీ షావుకారు మనిషి సంగతీ చెప్పాను. మాది వ్యాపారం కాదు, నేత అని ఆ దేశంలో ఒక మనిషితో అనడం అదే మొదటిసారి. ఓడలెక్కిన ఆఫ్రికా సరుకు గురించి చెప్తుంటే ఆవిడ చేత్తో ఆగమంది. గళ్ళెలా ఉంటాయని అడిగింది. వేలితో బల్ల మీద గీసి చూపించాను. వాళ్ళమ్మ పెట్టెలో ఇండియా నుంచి వచ్చిన అలాంటి గళ్ళ గుడ్డలు ఉండేవట. వాసన చూసి గానీ కొనేవాళ్ళు కాదట. వాసన లేకపోతే నకిలీ అన్నట్టు. మా ఇంట్లో రంగు పాత్రల వాసన నా ముక్కుకు ఒక్కసారి తగిలింది. అవి మా నాన్న నేసినవేనని నేననను. కాదని మాత్రం ఎవరనగలరు?

‘‘అంటే, మీ నాన్న మాకు గుడ్డ పంపాడు. నువ్వు వచ్చి మా గుడ్డ కోశావు’’ అందావిడ.

అవునన్నాను. అప్పుడు నవ్వింది, బల్ల అంచు పట్టుకుని, చాలాసేపు. తరవాత వేళ్ళతో రెండు పట్టీల మీద చూపించి చెప్పింది. ఒక పట్టీ మాట్లాడుతుంటే పక్క పట్టీ ఆగాలి. అది ఆగాక ఇది అందుకోవాలి. గళ్ళన్నీ ఒకే వరుసలో ఉంటే అందరూ ఒకేసారి అరిచినట్టు ఉంటుందట. వాళ్ళమ్మ అలా కుట్టేది, తనూ అలాగే కుడుతుంది. చెప్పడం అయ్యాక చెప్పులు వేసుకుని మా ఇంటికి వచ్చింది. నేను వెనకాలే వచ్చాను.

‘‘సిస్టర్, నీ మిషన్ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. రా’’ అంది నా భార్యతో. ‘‘జోడించే పని నీదే. ఈయన కింద కూర్చుంటాడు.’’

మా ఆవిడ నా వైపు చూసింది. నేను చెప్పేశానని తెలుగులో చెప్పాను. పైట చెంగు దోపుకుని బయల్దేరింది.

ఆ రోజు పది గంటలకు మొదలుపెట్టాం. నిన్న ఎంతో ముచ్చటపడి వేసిన కుట్లు నేనే విప్పాను. వాళ్ళిద్దరూ మూడేసి వేళ్ళు కొలిచి పట్టీలు మళ్ళీ జోడించారు. పట్టీలు పాత చోటికి జరిగేసరికి కొసల దగ్గర ఖాళీలు తేలాయి. ఆ ఖాళీల్లో ముక్కలు అతికే పని నాది. మా ఇంట్లో తెగిన పోగులు అతకడం నడక వచ్చినప్పుడే నేర్పేవారు. గరాజ్ నేల మీద పాత తివాచీ వేసుకుని, అంచుకు అంచు ఆనించి, పోగు మీది నుంచి పోగు దాటిస్తూ సూదితో నేసినట్టు కుట్టాను. మొదటి ముక్కకు అరగంట పట్టింది. తరవాత చేతికి పాత సంగతులు గుర్తొచ్చాయి. నా పని చూడడానికి ఇద్దరూ వంతులవారీగా వంగేవారు. మరక పడ్డ మూడింటినీ కాళ్ళ వైపు వేయమని ఆజ్ఞ వచ్చింది.

‘‘మీ ఇంట్లో కూడా అందరూ ఒకేసారి మాట్లాడతారా?’’ అని వెనకింటావిడ మా ఆవిడను అడిగింది.

‘‘లేదు, ఈయనొక్కరే మాట్లాడతారు’’ అంది మా ఆవిడ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. నిన్నటి నుంచి నా గురించి ఆవిడ వేసిన మొదటి జోకు అది. నేను తలెత్తకుండా కుట్టుకుంటూ పోయాను, ఆ మాట ఇంకొకసారి అంటే బాగుండునని.

మధ్యాహ్నం బోండాలూ మిగిలిన పులిహోరా తిన్నాం. ఎండ గోడ దిగేలోగా ఇరవయ్యో ముక్క అతికింది. లైనింగ్ కూడా పడింది.

సోమవారం ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టాను. పేజర్ ఇంట్లో వదిలి, పదింటికి గరాజ్‌లో వాళ్ళిద్దరి వెనక నిలబడ్డాను. కొండల ఆవిడ దుప్పటి విప్పింది, దూరంగా జరిగింది, తల పక్కకు వంచింది, చాలా బాగుందంది. తరవాత దగ్గరికొచ్చి చేత్తో తడుముతూ కొసల దగ్గర ఆగింది. ఈ సన్నటి అతుకులేమిటని అడిగింది.

నా భార్య పెదవి కదలబోయింది.

‘‘అవి నా వల్ల వచ్చాయి’’ అన్నాను. ‘‘సరిగ్గా ఉన్నదాన్ని తప్పనుకుని కోశాను. వీళ్ళిద్దరి తప్పేమీ లేదు. అతికింది కూడా నేనే.’’

కొండల ఆవిడ నన్నూ, అతుకునూ మార్చి మార్చి చూసింది. గట్టిగా ఉంటాయా అని అడిగింది. ఒక చోట పట్టుకుని లాగి చూపించాను. సరే, ముందు ఇంకో రెండు గదులకు చేయమంది. ఈసారి కోయకుండా, అని చేర్చింది. మిగతావి ఆ రెండూ చూశాకేనంది. ఆవిడ కారు మలుపు తిరిగేదాకా మా వాళ్ళిద్దరూ మర్యాదగా నిలబడి, ఆ తరవాత ఒకరి చేతులొకరు పట్టుకున్నారు.

నేను ఇంటికి వెళ్ళి బియ్యం కడిగాను. ఆ రోజు నుంచి, మేం ఆ యూనిట్ ఖాళీ చేసేదాకా, ప్రతి శనివారం వంట నాదే. వండి, గిన్నెలు కడిగి, గరాజ్‌కి వెళ్ళి కింద నా తివాచీ మీద కూర్చునేవాణ్ణి. పట్టీల కొసలు మడిచి చేత్తో కుట్టే పని నాకిచ్చారు. కత్తెర మాత్రం నా భార్య మిషన్ పక్కన మేకుకు వేలాడేది. కావలసినప్పుడు లేచి వెళ్ళి, ఎక్కడ కోయాలో వేలు పెట్టి చూపించి, ఆవిడ తలూపాక తీసుకునేవాణ్ణి.